గుడి చరిత్ర రాయబోతున్న మేనకోడలికి

క్రీస్తునందు ప్రియమైన జ్యోతికి, మావయ్య దీవించి రాస్తున్నది.

జూబిలీకి గుడి చరిత్ర పుస్తకం రాసే పని ఫాదర్ గారు నీకు అప్పగించారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. "శ్లాబు గుడికి చరిత్రేముంటుంది" అని టెన్షన్ పడుతున్నావట. నన్నడిగితే, రాసేవాళ్లకు పాత గుడికంటే ఇదే మేలు. పునాది తవ్వినవాళ్లు, ఇసుక మోసినవాళ్లు ఇంకా ఊళ్లోనే ఉన్నారు. కమిటీ మీటింగు కోసం చూడకుండా ముందు వాళ్లింటికి వెళ్లు.

వెళ్లి "ఏ సంవత్సరం?" అని మాత్రం అడగొద్దు. నోటికొచ్చిన అంకె చెప్తారు, నువ్వు అచ్చు వేసేస్తావు. పెద్దమ్మాయి పెళ్లికి ముందా తర్వాతా, గంట కట్టేనాటికి కరెంటు ఉందా, రేకులు లేచిపోయింది హుద్‌హుద్‌కా తిత్లీకా అని అడుగు. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న. రెండూ అక్టోబరు తుఫాన్లే కాబట్టి మనవాళ్లు కలిపేస్తుంటారు. విజయనగరం వైపు వాళ్లకు మొదటిది, పలాస, మందస, వజ్రపుకొత్తూరు వైపు వాళ్లకు రెండోది గట్టిగా గుర్తుంటుంది. చెప్పే మనిషి అప్పట్లో ఏ ఊళ్లో ఉన్నాడో కనుక్కుంటే చిక్కు విడిపోతుంది.

మన వైపు జూబిలీ పుస్తకాలు చాలావరకు "ఫ్రెంచి ఫాదర్లు" అంటూ మొదలై, నాలుగు పేజీల తర్వాత గానీ ఊళ్లోకి రావు. నువ్వు ఆ భాగాన్ని ఐదారు వాక్యాల్లో తేల్చెయ్యి. పునీత ఫ్రాన్సిస్ సాలెస్ సభ గురువులు ఆన్సీ పట్నం నుంచి 1846లో విశాఖపట్నం వచ్చారు. (ఆన్సీ ఉన్న సవాయ్ ప్రాంతం ఫ్రాన్సులో కలిసింది 1860లో. అంచేత మొదట వచ్చినవాళ్లను ఫ్రెంచి దేశస్థులని రాసేముందు కొంచెం ఆగు.) విశాఖ 1886లో మేత్రాసనం, అంటే ఒక బిషప్ గారి కింద ఉండే ప్రాంతం, అయింది. దానిలోంచి 1993లో శ్రీకాకుళం మేత్రాసనం ఏర్పడింది. ఈ ఆఖరి తేదీ నీకు చాలా అవసరం. గుడి స్థలం, అనుమతుల తాలూకు 1993కి ముందు ఉత్తరాలు శ్రీకాకుళంలో దొరక్కపోతే విశాఖ బిషప్ హౌస్‌లో అడగాలి. ఇంకో సంగతి. బొబ్బిలి, పార్వతీపురం, టెక్కలి లాంటి చోట్ల పనిచేసిన కెనడా మిషన్ బాప్టిస్టులది. ఊళ్లో ఎవరైనా "మిషన్ దొరగారు" అంటే ఏ మిషనో అడిగి తెలుసుకోకుండా మన కతోలికుల ఖాతాలో వేసేయకు.

మీది విచారణ (ఒక ఫాదర్ గారి కింద ఉండే గుడి, దాని జనం) కాకముందు వేరే విచారణ కింద ఉండేది కదా. అప్పటి జ్ఞానస్నానాలు ఆ తల్లి విచారణ రిజిస్టర్లో ఉంటాయి. జ్ఞానస్నాన, వివాహ, మరణ రిజిస్టర్లు ప్రతి విచారణలో ఉండాలన్నది తిరుసభ చట్టం. పాత పేజీల్లో లాటిన్ కనిపిస్తే బెదరకు, జోసెఫుస్ అంటే మన జోజప్పే. జ్ఞానస్నానం పక్కన మార్జిన్‌లో ఆ మనిషి పెళ్లి వివరం కూడా రాసి ఉంటుంది, మన ఆడపిల్లలు ఏ ఊళ్లకు వెళ్లారో అక్కడ తెలుస్తుంది. ఫాదర్ గారి అనుమతితో అక్కడే కూర్చుని చదువుకో, ఫోన్‌తో ఫోటోలు తీయకు. తల్లిదండ్రుల వివరాల్లో కొన్ని ఇళ్ల గుట్లు ఉంటాయి, అవి పుస్తకానికి పనికిరావు.

ఇక కట్టడం. నీ పుస్తకంలో సగం దీనికే ఇవ్వు. ఒక టేపు, గ్రాఫ్ కాగితం, సాయానికి తాపీ మేస్త్రి ఒకాయన ఉంటే చాలు. ముందు బయట చుట్టూ తిరుగు. ఎక్కడో ఒకచోట గోడలో నిలువుగా సన్నని చీలిక కనిపిస్తుంది, లేదా లోపల గచ్చు రంగు మారుతుంది. జనం పెరిగి గుడిని పొడిగించిన చోటు అదే అయ్యుండొచ్చు. పిల్లర్ల మధ్య దూరం కొలిస్తే అనుమానం తీరుతుంది, కొత్త భాగంలో ఆ లెక్క చాలాసార్లు మారిపోతుంది. మేస్త్రినడిగితే కారణం చెప్తాడు.

మీ గుడి కిటికీల మీద మొన తేలిన ఆర్చిలున్నాయి. "గోతిక్ శైలి" అని ఒక్క ముక్క రాసి వదిలేయకు. ఇటుకతోనో రాతితోనో కట్టిన ఆర్చి పైబరువును పక్కలకు తోస్తుంది. అందుకే పాత గుళ్లకు అంత మందం గోడలు, బయట ఆనుడు కట్టడాలు. శ్లాబు గుడిలో బరువు మోసేవి పిల్లర్లూ బీములూ, కిటికీ మీద మొన అందానికే. ఐనా మనవాళ్లకు అది కావాల్సొచ్చింది. ఎందుకు? విశాఖలోనో ఇంకెక్కడో ఏ గుడిని చూసొచ్చి అడిగారు? సెంట్రింగ్ చెక్కను ఆ వంపుకు ఎవరు కోశారు? ఈ జవాబులు నీకు తప్ప ఇంకెవరికీ దొరకవు.

లోపల మొదట బలిపీఠం చూడు. 1962 నుంచి 65 దాకా జరిగిన రెండో వాటికన్ మహాసభ తర్వాత వచ్చిన మార్పుల్లో గురువు జనంవైపు తిరిగి పూజ చేయడం మొదలైంది. పీఠం గోడకు ఆనకుండా, చుట్టూ తిరిగేలా ఉంటే ఆ పద్ధతిలో కట్టారన్నమాట. వెనక గోడకు పాత తీరు పీఠం, ముందు వేరే బల్ల ఉంటే ఊరు రెండింటినీ ఉంచుకుందని రాయి. చెప్పులు బయట విడవడం, నేల మీద కూర్చోవడం, నూనె దీపం, హారతి వంటివాటిని 1969లో రోమ్ మన దేశానికి ఆమోదించింది. మీ ఊళ్లో ఏవేవి ఎప్పుడు మొదలయ్యాయో, ఏవి అంతకుముందునుంచే ఉన్నాయో ఆడవాళ్లనడుగు, వాళ్లకే బాగా గుర్తుంటాయి.

గోడల మీద నాలుగో పన్నెండో చిన్న సిలువ గుర్తులున్నాయేమో వెతుకు. బిషప్ గారు గుడిని ప్రతిష్ఠించేటప్పుడు అభిషేక తైలం పూసే చోట్లు అవి. లేకపోతే గుడిని ఆశీర్వదించి మాత్రమే తెరిచి ఉండొచ్చు, ఫాదర్ గారిని అడుగు. ప్రతిష్ఠ అయ్యాక గుడి పేరు మార్చకూడదు. బోర్డు మీద పునీత అంతోని పేరుండి, జనం "మేరీమాత గుడి" అంటుంటే రెండూ రాయి. బయట కట్టిన లూర్దుమాత గుహ వల్లే ఆ పిలుపు వచ్చిందని నా అనుమానం. గుహ నిజం రాళ్లతో పేర్చిందో, మెష్ మీద సిమెంటు పూసిందో దగ్గరికెళ్లి చూడు.

పాత ఫోటోలు లేవని కమిటీవాళ్లు అంటారు. పెళ్లి ఆల్బమ్‌లు అడుగు. పెళ్లికొడుకు, పెళ్లికూతురు వెనక పాత పీఠం, పాత కిటికీలు, రేకుల కప్పు అన్నీ ఉంటాయి. ఆల్బమ్ మీద తేదీ కూడా ఉంటుంది!

శిలాఫలకం మీద చందాదారుల పేర్లున్నాయి, వాటిని మళ్లీ అచ్చు వేయడానికి రెండు పేజీలు దండగ. దాని మీద లేనివాళ్లను రాయి. ముఖ్యంగా ఉపదేశి గారిని. ఫాదర్ గారు నెలకోసారి వచ్చే రోజుల్లో ప్రార్థన నడిపింది, పిల్లలకు జపాలు నేర్పింది ఆయనే. గుడిగా ఉన్న పాత పాకను కూల్చేటప్పుడు ఊళ్లో రెండు మాటలు వచ్చాయంటారు. ఆ సంగతి రాయి, పేర్లొద్దు. స్థలం ఎవరిచ్చారన్నది మాత్రం దస్తావేజు చూశాకే.

అచ్చుకు ఇచ్చేముందు ఆదివారం పూజ అయ్యాక పెద్దవాళ్లను కూర్చోబెట్టి చదివి వినిపించు, తప్పులు అక్కడే పట్టేస్తారు. ప్లాన్ గీశాక నాకు వాట్సాప్‌లో పంపు. కొలతలు అడుగుల్లోనే వెయ్యి, మేస్త్రి సరిచూడాలి కదా.

మీ మావయ్య