పార హైదరాబాద్ నుంచి మోసుకెళ్లాలా?

"అక్కా, ఏప్రిల్‌లో డాలస్ వస్తున్నాం. ఇంటి వెనకాల బెండ, గోంగూర, బీర వేసుకోవాలని ఉంది. పార, బొరిగె ఇక్కడే కొనుక్కుని రానా?" అని కూకట్‌పల్లి నుంచి ఒక చెల్లెలు అడిగింది. నేనూ సెలవుకి హైదరాబాద్‌లోనే ఉన్నాను. రాణిగంజ్‌లో ఇనప సామాన్ల కొట్టుకి వెళ్లి, పార పట్టుకుని చూసి మరీ చెబుతున్నాను.

పార వద్దమ్మా. బరువనే కాదు. మన పార ఆకు కర్రకి అడ్డంగా ఉంటుంది, నడుం వంచి, ఎత్తి కొట్టి, మన వైపు లాక్కుంటాం. అక్కడి షవెల్ కర్రతో పాటు నిటారుగా ఉంటుంది, కాలు పెట్టి ఒంటి బరువంతా వేసి నేలలోకి దింపాలి. డాలస్ చుట్టుపక్కల చాలాచోట్ల మట్టి అచ్చం మన నల్లరేగడే. తడిస్తే బంక, ఎండితే నెర్రెలు. ఆ నేలలో చేతి బలం కన్నా కాలి బరువే అక్కరకొస్తుంది. మొన కోసుగా ఉన్న షవెల్ తీసుకోండి. అంచు చదరంగా ఉన్నది పోసిన మట్టిని ఎత్తడానికే. పై అంచు పాదం ఆనేలా మడిచి ఉందో లేదో చూడండి. చెప్పులతో మాత్రం తొక్కొద్దు. వాన వెలిశాక రెండు మూడు రోజులాగి, మట్టి ముద్ద చేతిలో పొడిగా విడిపోతుంటే అప్పుడు తవ్వండి.

సంచిలో పెట్టి అమ్మే పది పనిముట్ల సెట్ జోలికి పోకండి. కొత్తలో నేనదే కొన్నాను, మొదటి వారంలోనే అందులోని ట్రోవెల్, అంటే ఒంటి చేత్తో తవ్వే చిన్న పార, మెడ వంగిపోయింది. ఆకూ మెడా ఒకే లోహపు ముక్కగా ఉన్నది ఒక్కటి చాలు.

కత్తెర దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. రెండు అంచులూ ఒకదాని పక్కనుంచి ఒకటి జారే 'బైపాస్' రకం పచ్చి కొమ్మలకి. చదును దిమ్మ మీద కత్తి దిగే 'ఆన్విల్' రకం పచ్చి కొమ్మని నలిపేస్తుంది, అది ఎండు పుల్లలకే. ఫెల్కో కంపెనీ కత్తెర ఖరీదే, కానీ బ్లేడు, స్ప్రింగు విడిగా దొరుకుతాయి.

బొరిగె మాత్రం తప్పకుండా తెచ్చుకోండి. పీట మీద కూర్చుని కలుపు తీయడానికి నా చేతికి అంతగా ఒదిగింది అక్కడ నాకు దొరకలేదు. కొత్తది, గుడ్డ చుట్టి చెక్-ఇన్ పెట్టెలో పెట్టండి. ఇంట్లో వాడినదైతే మట్టి ఆనవాలు లేకుండా కడగండి, అమెరికాలోకి మట్టి రానివ్వరు. కరివేపాకు మొక్క కూడా వద్దు. నిమ్మజాతి చెట్లకి తెగులు మోసే పురుగు దాని మీదా బతుకుతుంది.

షవెల్ నేలలో దింపేముందు 811కి ఫోన్ చేయడం మరవొద్దు. కనీసం రెండు పనిదినాల ముందు చేయాలి, డబ్బులేం పడవు. వచ్చి నేల కింద పోయే గ్యాస్ గొట్టాలకి పసుపు, కరెంటు తీగలకి ఎరుపు గుర్తులు పెట్టి వెళతారు. స్ప్రింక్లర్ గొట్టాలు మాత్రం వాళ్లు గుర్తించరు. నేను పగలగొట్టింది ఆ గొట్టాన్నే, అందుకే అవి ఎక్కడున్నాయో ముందే ఇంటి యజమానిని అడిగి తెలుసుకోండి.

ఏప్రిల్ అంటే బెండకి నేల వెచ్చబడే అదను. దిగగానే ఫోన్ చేయండి, మీరు షవెల్ కొనుక్కునేదాకా మా గరాజ్‌లోది తీసుకెళుదురు గాని.