గుణుపురంలో ఇల్లు బాగు చేయించుకుంటున్న మేనకోడలికి

పర్లాకిమిడి

చిట్టితల్లీ,

స్లాబు కారుతోందనీ, వానలు రాకముందే వాటర్‌ప్రూఫింగ్, వంటింటి టైల్స్, పైపులు అన్నీ ఒకే మేస్త్రీకి గుత్తకి ఇచ్చేస్తున్నాననీ నిన్న ఫోన్లో చెప్పావు. "కూలీల సంగతంతా ఆయనే చూసుకుంటాడు అత్తా" అన్నావు చూడు, ఆ మాటకే రాత్రి నిద్ర పట్టలేదు. అచ్చం అదే మాట నేనూ ఒకప్పుడు అన్నాను.

మా మేస్త్రీది పాతపట్నం వైపు. పని బాగానే చేశాడు, అబద్ధం ఎందుకు? దసరా ముందు కూలీలకి ఇవ్వాలంటే మొత్తం 85 వేలూ చేతిలో పెట్టేశాను. మూడు వారాలకి టైల్స్ వేసినతనూ, ప్లంబరూ గేటు దగ్గర నిలబడ్డారు. "అమ్మా, మాకు రూపాయి ముట్టలేదు." మేస్త్రీకి ఫోన్ చేస్తే స్విచాఫ్. ఇరుగుపొరుగు బయటికొచ్చి చూస్తుంటే తల కొట్టేసినట్టయి 11 వేలు ఇచ్చి పంపాను. అంటే ఒకే పనికి రెండుసార్లు డబ్బు కట్టాను. పైగా వాళ్ళ దగ్గర చీటీ కూడా రాయించుకోలేదు!

వాళ్ళని తప్పుపట్టను. ఎండలో ఒళ్ళు వంచినవాళ్ళు. కానీ వాళ్ళ బేరం మేస్త్రీతో, బాకీ కూడా మేస్త్రీదే. నాతో ఏ ఒప్పందమూ లేదు. అందుకే పని జరిగేటప్పుడు నువ్వు జాగ్రత్తగా ఉండాల్సింది నోటి విషయంలో. ప్లంబరు "మేస్త్రీ ఇవ్వట్లేదమ్మా, పని ఆపేస్తాను" అన్నాడనుకో, "నువ్వు చెయ్యి బాబూ, నేనిస్తాలే" అనేస్తావు. అక్కడితో నువ్వు కూడా మాటిచ్చిన మనిషివైపోతావు. నోటిమాట కూడా ఒప్పందమే.

మొదటిరోజే ఎవరెవరు పనికొస్తారో, వాళ్ళకి ఎంత ఇస్తానన్నాడో మేస్త్రీనే అడిగి నోట్‌బుక్‌లో రాసుకో. ఫోన్ నంబర్లు కూడా. అడిగితే నొచ్చుకుంటాడేమోనని మొహమాటపడకు. ఒప్పందం కాగితం తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి రాయించు. తెలుగుది మేస్త్రీ చదువుకోడానికి, ఒడియాది రేపు మీ జిల్లా కేంద్రం రాయగడలో ఎవరికైనా చూపించాల్సొస్తే. సిమెంటు, టైల్స్ నువ్వే కొని బిల్లు నీ పేరున తీసుకో. మేస్త్రీ ఖాతాలో అప్పుకి తెస్తే ఆ కొట్టువాడు కూడా నీ గేటు దగ్గరికే వస్తాడు.

డబ్బు పని జరిగిన కొద్దీ ఇవ్వు, ఫోన్‌పేలోనే ఇవ్వు. చివరి వాయిదా మాత్రం టైల్స్ అతనూ, ప్లంబరూ "మా కూలి ముట్టింది" అని సంతకం పెట్టాకే. ఎంత ఆపాలంటావా? వాళ్ళిద్దరి కూలికి తగ్గకుండా.

ఇంత చేసినా గొడవొచ్చిందనుకో. మేస్త్రీకి నువ్వింకా బాకీ ఉంటే, ఆ డబ్బులోంచి ప్లంబరుకి నేరుగా ఇచ్చేయాలనిపిస్తుంది. ఇవ్వు, కానీ ముందు మేస్త్రీ చేత "ఇంత ఇచ్చి నా లెక్కలో తగ్గించుకోండి" అని వాట్సాప్‌లోనైనా రాయించుకో. లేకపోతే తర్వాత నా డబ్బు పూర్తిగా ఇవ్వలేదని అతనే ఎదురు తిరుగుతాడు. మొత్తం ముందే ఇచ్చేసి ఉంటే మళ్ళీ ఇవ్వకు. నువ్వు మేస్త్రీకి కట్టిన రసీదులు, పని ఫోటోలు ప్లంబరుకి ఇవ్వు. అతను మేస్త్రీని నిలదీయడానికి అవే సాక్ష్యం. ప్లంబరు పనిముట్లు మాత్రం ఇంట్లో ఆపకు. ఎవరైనా టైల్స్ పీకేస్తానని బెదిరిస్తేనే పోలీసుల దగ్గరికి వెళ్ళు. వట్టి బాకీ తగాదా అయితే కోర్టుకి పొమ్మంటారు.

మేస్త్రీ పని సగంలో వదిలేసి పోతే అది వేరే సంగతి. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళొచ్చు, రెండేళ్ళ లోపు. 2019 వినియోగదారుల చట్టం వచ్చాక నువ్వు ఉండే జిల్లాలోనే వేయొచ్చు కాబట్టి అతనిది ఆంధ్రా అయినా శ్రీకాకుళం తిరగక్కర్లేదు. 5 లక్షల లోపు పనికి ఫీజు లేదు. నన్నడిగితే దానికన్నా ముందు న్యాయసేవా సంస్థకి 15100కి ఫోన్ చెయ్యి. ఆడవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా సాయం ఉచితం. లోక్ అదాలత్‌లో మేస్త్రీ, ప్లంబరు, నువ్వు ముగ్గురూ కూర్చుంటే, అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీ అంత విలువ. ఈ సంగతి నాకప్పుడు తెలిసుంటే ఆ 11 వేలు మిగిలేవి.

ఆదివారం మేస్త్రీ అడ్వాన్సుకి వస్తానన్నాడన్నావుగా. డబ్బు ఇవ్వకముందే ఆ కాగితం ఫోటో తీసి నాకు పంపు, చదివి చెబుతాను.

మీ అత్త