గోడ మీద నాలుగు ఫ్రేములు

బంగారూ,

రాత్రి నువ్వు పంపిన ఫొటోలు కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటే పెద్దవి చేసి చూశాను. ఆ పార్లర్‌లో పీలింగ్, అంటే యాసిడ్ పూసి చర్మం పైపొర ఊడదీసే పని, చేయించుకున్నాక నీ రెండు బుగ్గలూ కమిలి, ఎడమవైపు పక్కు కట్టి ఉంది. "గోడ నిండా సర్టిఫికెట్లు ఉన్నాయి అత్తా, అందుకే నమ్మాను" అని నువ్వు ఏడుస్తుంటే నాకు తెల్లవార్లూ నిద్ర పట్టలేదు. నమ్మడం నీ తప్పు కాదు. ముప్పై ఏళ్ళు కర్నూలులో పార్లర్ నడిపినదాన్ని, ఆ ఫ్రేములు తగిలించేది నమ్మకం కోసమేనని నాకు బాగా తెలుసు. వాటిని చదవడం ఎలాగో ఈ ఉత్తరంలో చెబుతాను. కానీ ముందు ముఖం సంగతి చూడాలి.

రేపు పొద్దున్నే సర్వజన ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీకి వెళ్ళు. "ఇంకో సిట్టింగ్ ఉచితంగా చేసి సరిచేస్తాను" అని ఆ పార్లర్ యజమానురాలు పిలుస్తోందన్నావు, వెళ్ళవద్దు. పక్కులు గిల్లకు. పసుపు, నిమ్మరసం, టూత్‌పేస్టు ఏదీ రాయకు, మీ అమ్మ ఎంత బలవంతం చేసినా సరే. అనంతపురం ఎండలో స్కూటీ మీద తిరగకు. మన చర్మం కాలిన చోట ఎండ తగిలితే మచ్చ నల్లగా ముదిరి నెలల తరబడి పోదు. కళ్ళు వాచినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా ఓపీ వేళ కోసం ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్ళు. ఏ రోజు, ఎక్కడ, ఏమి చేయించుకున్నాక ఇలా అయిందో ఓపీ చీటీలో రాయమని డాక్టరును అడుగు. ఆ చీటీ పారేయకు.

ఇక గోడ. నువ్వు పంపిన ఫొటోలో నాలుగు ఫ్రేములు కనిపించాయి.

మొదటిది నగరపాలక సంస్థ ఇచ్చిన ట్రేడ్ లైసెన్సు. అది అక్కడ దుకాణం పెట్టుకోవడానికి అనుమతి, అంతే. బట్టల కొట్టుకూ ఇస్తారు. రెండోది జీఎస్టీ పత్రం. పన్నుకు సంబంధించిన కాగితానికీ నీ చర్మానికీ ఏ సంబంధమూ లేదు. మూడోదాని మీద బంగారు రంగు ముద్ర పెద్దగా ఉంది, కానీ కింద చిన్న అక్షరాల్లో ఉన్నది ఒక క్రీముల కంపెనీ పేరు, రెండు రోజుల శిక్షణకు హాజరైనట్టు ఒక ముక్క. హాజరు కావడం వేరు, పరీక్ష రాసి ఉత్తీర్ణత పొందడం వేరు.

నాలుగోది ఆరు నెలల బ్యూటీషియన్ కోర్సు. ఇది నిజమైనదే కావచ్చు. ఇక్కడే నువ్వు జాగ్రత్తగా చూడాలి. దాని మీద ఉన్న పేరు యజమానురాలిది. నీకు పీలింగ్ చేసినది ఇరవై ఏళ్ళ అమ్మాయి అని నువ్వే చెప్పావు. మరి ఆ అమ్మాయి కాగితం ఏది? నీ ముఖం మీద పడిన చెయ్యి ఎవరిదో వాళ్ళ చదువే మనకు కావాలి. ఇంకో మాట. ఆ కోర్సులో నేర్పినది థ్రెడింగ్, వాక్సింగ్, ఫేషియల్, బ్లీచ్. గాఢమైన యాసిడ్‌తో పీలింగ్, లేజర్, ఇంజెక్షన్లు చర్మవైద్యులు చేయవలసిన పనులు. సర్టిఫికెట్ అసలైనదే అయినా, చేసిన పని అందులో లేకపోతే అది ఆమెను కాపాడదు.

మన దేశంలో డాక్టర్లకూ నర్సులకూ ఉన్నట్టు బ్యూటీషియన్లకు చట్టబద్ధమైన రిజిస్టరు లేదు. అందువల్ల ఒక చోట పేరు వెతికి తేల్చుకోవడం కుదరదు, ప్రతి కాగితాన్నీ విడిగా పట్టి చూడాలి. ఐటీఐలో కాస్మెటాలజీ ట్రేడు ఏడాది కోర్సు. అది చదివామని వాళ్ళంటే సర్టిఫికెట్ నంబరు అడిగి ప్రభుత్వ వెబ్‌సైటులో సరిచూడవచ్చు. క్యూఆర్ కోడ్ ఉంటే స్కాన్ చెయ్యి, కానీ అది ఏ వెబ్‌సైటుకు తీసుకువెళ్తోందో గమనించు. అదే సర్టిఫికెట్ ఫొటో మళ్ళీ కనిపిస్తే ఏమీ రుజువు కానట్టే. ప్రైవేటు సంస్థదైతే ఆ కాగితం మీది నంబరుకు ఫోన్ చేయకు. సంస్థ నంబరు నువ్వే విడిగా వెతికి, ఫలానా పేరుగలవారు ఫలానా సంవత్సరం మీ దగ్గర ఏ కోర్సు పూర్తి చేశారని అడుగు.

"వారానికోసారి డాక్టరమ్మ వస్తారు" అని కూడా అన్నారట కదా. అయితే డాక్టరమ్మ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు అడుగు. క్లినిక్‌లోనూ, మందుల చీటీ మీదా, రసీదు మీదా ఆ నంబరు కనిపించాలన్నది వైద్యులకు 2002 నుంచి ఉన్న నిబంధన. జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైటులో పేరు కొడితే వివరాలు వస్తాయి. చర్మవైద్యులైతే డిగ్రీలో ఎండీ డీవీఎల్ (డీవీఎల్ అంటే చర్మ, సుఖ, కుష్ఠువ్యాధుల విభాగం), డీడీవీఎల్, లేదా ఆ విభాగంలో డీఎన్‌బీ ఉంటుంది. "కాస్మెటాలజిస్ట్" అన్న మాట బోర్డు మీద ఎవరైనా రాసుకుంటున్నారు. దాన్ని చూసి ఆగిపోకు.

నేను పార్లర్ పెట్టిన కొత్తలో చూసి నేర్చుకున్న పనే తప్ప చదువు లేదు. పెళ్ళికూతురు ఒకరు తొందరపెడితే బ్లీచ్ క్రీములో యాక్టివేటర్ పొడి చిటికెడు ఎక్కువ వేశాను. పై పెదవి మీద నీటి పొక్కులు లేచాయి. ఆ పిల్ల తల్లి నన్ను ఒక్క మాట అడిగింది: "నువ్వు ఇది ఎక్కడ నేర్చుకున్నావు?" నా దగ్గర జవాబు లేదు. మరుసటి నెలలో కోర్సులో చేరాను. ఆ తల్లి అరవకుండా అడిగింది కాబట్టే నేను సిగ్గుపడి చేరాను. నువ్వూ అరవవద్దు. కానీ అడగడం మానవద్దు.

వెళ్ళి అడిగే కన్నా వాట్సాప్‌లో అడుగు, రాతలో ఉంటుంది. ఇలా రాయి: "నాకు చర్మం కాలింది. డాక్టరుకు చూపించాలి. మీరు వాడిన పదార్థం పేరు, ఎంత శాతం, ఎన్ని నిమిషాలు ఉంచారు, ఎవరు చేశారు, వారు ఈ పనికి ఎక్కడ శిక్షణ పొందారు, దయచేసి తెలపండి." డాక్టరుకు కూడా ఈ వివరాలు నిజంగానే కావాలి. జవాబు ఇవ్వకపోతే ఆ మౌనం కూడా నీ దగ్గర ఉండిపోతుంది. ఫోన్‌పే చెల్లింపు, ఆమె మెసేజీలు ఏవీ తుడిపేయకు. రోజూ అదే కిటికీ దగ్గర, అదే వెలుగులో ముఖం ఫొటో తీసుకో.

ఆమె ఇంటికి ఇచ్చిన తెల్ల డబ్బా క్రీము నాకు ఎక్కువ భయంగా ఉంది. తయారీదారు పేరు, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఏవీ లేవన్నావు. అలాంటి డబ్బాల్లో స్టెరాయిడ్ కలిపి అమ్మడం మామూలైపోయింది. మొదట్లో ముఖం మెరుస్తుంది, తర్వాత చర్మం పలచబడి ఎర్రగా మండుతుంది. డబ్బా పారేయకు, తిరిగి ఇవ్వకు, డాక్టరుకు చూపించు. ఔషధ నియంత్రణ శాఖ ఇన్‌స్పెక్టరుకు కూడా అదే ఆధారం.

డబ్బు వెనక్కి ఇస్తామని ఏ కాగితం మీదైనా సంతకం అడిగితే పెట్టకు. ముందు 1915కు ఫోన్ చేయి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. దారికి రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు ఇద్దాం. 2019 చట్టం ప్రకారం నువ్వు ఉండే ఊళ్ళోనే ఇవ్వవచ్చు, రెండేళ్ళ గడువు ఉంటుంది, వకీలు తప్పనిసరి కాదు, నువ్వు కట్టినంత చిన్న మొత్తానికి ఫీజు కూడా లేదు. అక్కడ వైద్యం పేరుతో పనులు జరుగుతున్నాయని తేలితే జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారికి వేరే అర్జీ. ఆమె ఫొటో, పేరు పెట్టి ఫేస్‌బుక్‌లో మాత్రం ఇప్పుడే రాయకు. ఆ గొడవలో మనం అడిగిన ప్రశ్న పక్కకు పోతుంది.

నిశ్చితార్థానికి మూడు వారాలుందని మేకప్‌తో కప్పే ఆలోచన చేయకు. అబ్బాయి వాళ్ళ అమ్మతో నేను మాట్లాడతాను. శనివారం పొద్దున బస్సుకు బయలుదేరుతున్నాను, మధ్యాహ్నానికి అక్కడ ఉంటాను. ఈలోగా నాలుగో ఫ్రేము దగ్గరగా కనిపించే ఫొటో ఇంకొకటి ఉందేమో చూడు. నువ్వు పంపినదానిలో నంబరు మీద ట్యూబ్‌లైటు వెలుగు పడింది.

నీ మేనత్త