గెస్ట్ క్యారెక్టర్ ఎలా కొడతాడని కాదు, ఎలా దెబ్బ తింటాడని చూడండి

రకరకాల గేముల వాళ్ళు ఇప్పటికే కలిసి కొట్టుకుంటున్న క్రాసోవర్ ఫైటింగ్ గేమ్‌లోకి మళ్ళీ బయటి నుంచి గెస్ట్ క్యారెక్టర్లను తెస్తే వాళ్ళు ఇముడుతారా అన్నది మీ ప్రశ్న.

ఇముడుతారు. కానీ చాలామంది దీన్ని తప్పు కొలతతో కొలుస్తారు. "వీడి ప్రపంచం వేరు, వీడిక్కడేంటి" అనే అభ్యంతరం క్రాసోవర్‌లో నిలవదు. నింటెండో క్రాసోవర్ గేమ్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్‌లో 89 మంది ఫైటర్లున్నారు. ప్లంబర్, అంతరిక్ష నక్క, గొరిల్లా, యోగా నేర్పే ట్రైనర్ పక్కపక్కన నిలబడే చోట ఎవరి ప్రపంచమూ ఎవరికీ సరిపోదు. నా కొలత ఒక్కటే. ఆ గేమ్‌ని ఇన్నాళ్ళూ ఆడి నేర్చుకున్నది ఈ కొత్తవాడి మీద కూడా పనిచేయాలి. వాడి దాడులు ఎంత వింతగా ఉన్నా ఫర్వాలేదు, దెబ్బ తినడం మాత్రం అందరిలాగే తినాలి.

దీనికి అన్నిటికన్నా స్పష్టమైన ఉదాహరణ క్రాసోవర్ కాని గేమ్‌లోనే ఉంది. 2008లో వచ్చిన సోల్‌క్యాలిబర్ 4లో స్టార్ వార్స్ నుంచి వచ్చిన యోడా మరీ పొట్టివాడు, అతన్ని త్రో చేయడం (పట్టుకుని విసిరేయడం) కుదరదు. పైఎత్తు దెబ్బలు చాలావరకు అతని తల మీదుగా పోతాయి. గార్డ్ పట్టుకుని (దెబ్బలు అడ్డుకుంటూ) కూర్చున్నవాడిని త్రోతో విడదీయడం ఆ గేమ్‌లో మూలసూత్రం. యోడా ఎదురుగా ఉంటే ఆ సూత్రం చెల్లదు. అందుకే అతను చూడ్డానికి ముచ్చటగా ఉన్నా ఆటలో ఇమడలేదు.

టెక్కెన్ 7లోకి స్ట్రీట్ ఫైటర్ నుంచి వచ్చిన అకుమా సంగతి ఇంకా సూక్ష్మం. కథలో అతన్ని బాగానే కలిపారు, టెక్కెన్ పాత్ర కజుమీకి ఇచ్చిన మాటతో ముడి వేశారు. చిక్కంతా ఆటతీరులో వచ్చింది. టెక్కెన్‌లో ఒక మూవ్‌ని బ్లాక్ చేశాక అవతలివాడు 10 ఫ్రేములో అంతకన్నా ఎక్కువో వెనకబడితే 10 ఫ్రేముల జాబ్‌తో (వేగమైన చిన్న గుద్దుతో) పనిష్ చేయొచ్చు, అంటే తప్పించుకోలేని ఎదురుదెబ్బ వేయొచ్చు (ఫ్రేమ్ అంటే సెకనులో 60వ వంతు). రిస్కంతా ఆ లెక్క మీదే నిలబడుతుంది. అకుమా మాత్రం స్ట్రీట్ ఫైటర్ పద్ధతిలో కొన్ని దెబ్బలను మధ్యలోనే ఫైర్‌బాల్‌గా మార్చేస్తాడు. మీరు పనిష్ చేద్దామనుకునే సరికి ఫైర్‌బాల్ మీద పడుతుంది. పైగా మిగతా వాళ్ళలో చాలామందికి లేని మీటర్ (నిండితే ప్రత్యేక దాడులకు వాడుకునే శక్తి పట్టీ) అతనికుంది. అంటే అతనొక్కడి కోసం రెండో గేమ్ నేర్చుకోవాలి. అది నేర్చుకోవడంలో ఆనందం ఉందని ఒప్పుకుంటాను, కానీ ఆ భారం ఎదుటివాడి మీద పడుతుంది.

సరిగ్గా కుదిరిన గెస్ట్‌ని చూడాలంటే స్మాష్‌లో స్ట్రీట్ ఫైటర్ హీరో ర్యూని చూడండి. స్టిక్ తిప్పి షోర్యూకెన్ (పైకెగిరి కొట్టే గుద్దు) ఇన్‌పుట్ పూర్తిగా ఇస్తే దెబ్బ బలంగా పడుతుంది, స్పెషల్ బటన్ మామూలుగా నొక్కినా మూవ్ వస్తుంది. అల్టిమేట్‌లో ఒకరిపై ఒకరు ఆడేటప్పుడు అతను తనంతట తానే ప్రత్యర్థి వైపు తిరుగుతాడు. సొంత గుణం మొత్తం ఉంది. అయినా షీల్డ్ (అడ్డుకోవడం), గ్రాబ్ (పట్టుకోవడం) అందరితో సమానమే, స్టేజ్ బయటికి తోసేస్తే తిరిగి రావడానికి చాలామందికన్నా కష్టపడతాడు. అతని మీద గెలవడానికి కొత్త పాఠం అక్కర్లేదు.

అదే స్మాష్‌లో మైన్‌క్రాఫ్ట్ నుంచి వచ్చిన స్టీవ్ దీనికి పూర్తి విరుద్ధం. 2020లో అతన్ని చేర్చినప్పుడు బ్లాకులు పెట్టగలడు కాబట్టి స్టేజీలన్నిటినీ సరిచేయాల్సి వచ్చింది. ఇది చాలా పెద్ద సంకేతం. ఒక్కడి కోసం నేలే మార్చాల్సి వస్తే, తర్వాత తేలే లోపాలూ ఆ లోతులోనే ఉంటాయి. బ్యాలెన్స్ ప్యాచ్‌లు 2021తో ఆగిపోయాయి. ఆ తర్వాత స్టీవ్ బలం ఇంకా ఇంకా బయటపడుతుంటే నిర్వాహకుల చేతిలో నిషేధం తప్ప వేరే సాధనం మిగల్లేదు, కొన్ని టోర్నమెంట్లు అదే చేశాయి.

మీ గేమ్‌లో కొత్త గెస్ట్ వస్తే తీర్పు చెప్పే ముందు ట్రైనింగ్ మోడ్‌లో అరగంట కూర్చోండి. మీకు బాగా పట్టున్న ఒకే కాంబోని (వరస దెబ్బల్ని) ఒక పొట్టివాడి మీద, ఒక భారీకాయుడి మీద, గెస్ట్ మీద వేయండి. గెస్ట్ మీద మాత్రమే జారిపోతే హర్ట్‌బాక్స్‌లోనో (దెబ్బ తగిలే శరీర భాగంలోనో) బరువులోనో తేడా ఉంది. తర్వాత గెస్ట్ మూవ్‌లలో మిమ్మల్ని ఎక్కువ బాధపెట్టే రెండిటిని డమ్మీకి రికార్డ్ చేసి వరసగా ఆడించండి. గార్డ్, గ్రాబ్, జాబ్, పక్కకి జరగడం లాంటి అందరికీ ఉన్న సాధనాలతోనే జవాబు వెతకండి. జవాబు ఉండి అది కష్టమైనదైతే మీకు సాధన తక్కువైందని అర్థం. ఫ్రేమ్ లెక్కలన్నీ చూశాక కూడా జవాబే లేకపోతే అప్పుడు తప్పు డిజైన్‌ది. ఈ తేడా గమనించకుండా "నెర్ఫ్ చేయండి" (బలం తగ్గించండి) అని గోల పెడితే లాభం లేదు. రికవరీకి (మూవ్ అయ్యాక తేరుకునే సమయానికి) రెండు మూడు ఫ్రేములు కలపడం ప్యాచ్‌తో అయ్యే పని. త్రో పడని శరీరాన్నో, కొందరికే ఉన్న మీటర్‌నో అంకెలు మార్చి సరిచేయలేరు.

గెస్ట్ వల్ల ఇంటి నియమాలే మారిపోయే ప్రమాదం ఇంకొకటుంది. 2008 నాటి మోర్టల్ కాంబాట్ వర్సెస్ డీసీ యూనివర్స్‌లో డీసీ హీరోలు చంపకూడదు కాబట్టి వాళ్ళకి ఫేటాలిటీలు (గెలిచాక ప్రత్యర్థిని ఘోరంగా చంపే మూవ్‌లు) లేవు, చంపకుండా ముగించే హీరోయిక్ బ్రూటాలిటీలే ఉన్నాయి. మొత్తం గేమ్‌లోనే హింస తగ్గించారు. గెస్టుల కోసం మోర్టల్ కాంబాట్ తన గుర్తింపునే కొంత వదులుకుంది.

లైసెన్స్‌ని, అంటే వేరేవాళ్ళ పాత్రని వాడుకునే అనుమతిని కూడా మర్చిపోకండి. సోల్‌క్యాలిబర్ 2లో గెస్టులుగా లింక్ గేమ్‌క్యూబ్‌లో, స్పాన్ ఎక్స్‌బాక్స్‌లో, హెయిహాచీ ప్లేస్టేషన్ 2లో ఉండేవారు. 2013లో హెచ్‌డీ రూపంలో తిరిగి వచ్చినప్పుడు మిగతా ఇద్దరూ ఉన్నారు, లింక్ లేడు. గెస్ట్‌ని మీ మెయిన్‌గా (ఎప్పుడూ ఆడే పాత్రగా) ఎంచుకుని ఏళ్ళ తరబడి సాధన చేయాలనుకుంటే, తర్వాతి భాగంలో వాడు ఉండకపోవచ్చని ముందే తెలిసి ఎంచుకోండి. టెక్కెన్ 7 గెస్టులైన అకుమా, గీస్, నాక్టిస్, నీగన్ నలుగురిలో ఒక్కరు కూడా టెక్కెన్ 8 విడుదలైనప్పుడు లేరు.