180 మంది ఉన్న కంపెనీ ఏడాదికి ఎన్ని పేటెంట్లు వేయాలి?

మీ ప్రశ్న: హైదరాబాద్‌లో 180 మందితో ఎలక్ట్రానిక్స్ పరికరాలు తయారుచేసే కంపెనీ, ఎండీ గారు ఏడాదికి 20 పేటెంట్లు అని టార్గెట్ పెట్టారు, ఎక్కడ మొదలుపెట్టాలి అని.

20 అన్నారంటే ఈమధ్యే ఎవరో ఇన్వెస్టర్ వచ్చి వెళ్లి ఉంటాడు. మా దగ్గరా అలాగే మొదలైంది. మాది వ్యవసాయ మోటార్లను ఫోన్‌తోనే ఆన్, ఆఫ్ చేసే మొబైల్ స్టార్టర్లు తయారుచేసే కంపెనీ. పదకొండేళ్లు డిజైన్‌లో పనిచేశాను, అందులో ఎనిమిదేళ్లు పేటెంట్ల ఫైలూ నా నెత్తినే ఉండేది. లాయర్ని కాను, దెబ్బలు తిన్నవాణ్ని.

మొదట మేం దేనికి పేటెంట్ వేశామో చెబుతాను. బోరులో నీళ్లు అయిపోయి మోటారు ఉత్తినే తిరుగుతుంటే అది లాగే కరెంటు తగ్గుతుంది. అది చూసి మోటారు ఆపేయడం పాత పద్ధతే. మావాళ్లు ఒక్కో బోరు తీరును స్టార్టరే నేర్చుకుని, ఎక్కడ ఆపాలో తనే తేల్చుకునేలా ప్రోగ్రామ్ రాశారు. అందరం మురిసిపోయి వెంటనే అప్లికేషన్ వేశాం. పేటెంట్ ఆఫీసు పరీక్ష రిపోర్టులో మొదటి అభ్యంతరమే పేటెంట్ చట్టం సెక్షన్ 3(కె): ఉత్త కంప్యూటర్ ప్రోగ్రామ్‌కూ, అల్గారిదమ్‌కూ పేటెంట్ రాదు. దానివల్ల సాంకేతికంగా ఏదైనా ఫలితం ఉందని చూపిస్తే దారి ఉంటుంది. 2019లో ఫెరిద్ అల్లానీ కేసులో ఢిల్లీ హైకోర్టు చెప్పిందీ ఇదే. ఆ వాదనతో, కరెంటు కొలిచే సర్క్యూట్‌నూ, మోటారు ఆపే స్విచ్చయిన రిలేనూ క్లెయిముల్లోకి, అంటే హక్కు మాదేనని అడిగే అంశాల్లోకి తెచ్చి, అడిగిందాంట్లో సగం వదులుకుని గ్రాంట్ (పేటెంట్ మంజూరు) తెచ్చుకున్నాం.

తెచ్చుకుని ఏం చేశాం? ఫ్రేముకట్టి రిసెప్షన్‌లో పెట్టాం. పోటీవాడి చిప్‌లో కోడ్ లాక్ అయి ఉంటుంది, అందులో మా పద్ధతి ఉందో లేదో రుజువు చేసే దారి లేదు. మా పద్ధతి మాత్రం 18 నెలలకే పేటెంట్ జర్నల్‌లో అచ్చయింది. చదువుకున్నవాడికి చదువుకున్నంత.

ఇక వేయనిది. పొలంలోంచి సర్వీసుకొచ్చిన స్టార్టర్ డబ్బా మూత తీస్తే, మోటారుకు కరెంటు కలిపే స్విచ్ (కాంటాక్టర్) పక్కన మాడిపోయిన బల్లి కనబడటం మాకు మామూలు. వైర్లు వెళ్లే కంతలోంచే దూరుతుంది. సర్వీసు బెంచి మీద పనిచేసే ఒక టెక్నీషియన్ పాత సైకిల్ ట్యూబు కోసి, వైరు రెండు మెలికలు తిరిగి లోపలికెళ్లేలా అడ్డుతెరలు పెట్టాడు. వైరు వెళ్తుంది, బల్లి వెళ్లదు. ఆ సీజన్‌లో రిటర్నులు తగ్గాయి. మోల్డ్ చేయించి అన్ని మోడళ్లలోనూ పెట్టాం. "దీనికీ పేటెంటేనా" అని నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. పైగా ఒక వ్యవసాయ ఎగ్జిబిషన్‌లో మార్కెటింగ్‌వాళ్లు మూత తీసి మరీ రైతులకు చూపించారు.

మరుసటి ఏడాది సికింద్రాబాద్ రాణీగంజ్‌లో వేరే కంపెనీ స్టార్టర్ కొనుక్కొచ్చి విప్పితే, అవే రెండు మెలికలు, అవే తెరలు. అప్పుడు లాయర్ దగ్గరికి పరిగెత్తాం. ఆయన అడిగింది ఒక్కటే, "ఎగ్జిబిషన్‌లో పెట్టారా?" అని. అప్లికేషన్ వేయకముందే బయట చూపించినదానికి పేటెంట్ రాదు. ఎగ్జిబిషన్‌లో చూపించాక 12 నెలల్లోపు వేసుకోవచ్చన్న మినహాయింపు మన చట్టంలో ఉంది కానీ, అది కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో నోటిఫై చేసినవాటికే. మాది అలాంటిది కాదు. అమెరికాలో లాగా ఏడాది గ్రేస్ ఇక్కడా ఉంటుందనుకుని మునిగినవాళ్లు చాలామందే ఉన్నారు.

అప్పట్నుంచి మా పరీక్ష ఒకటే. పోటీవాడి డబ్బా షాపులో కొని విప్పితే మన ఆలోచన కంటికి కనబడుతుందా, మీటరుకు దొరుకుతుందా? దొరికితే పేటెంట్. దొరక్కపోతే గుట్టుగా ఉంచుకోవడం. ట్రేడ్ సీక్రెట్లకు మన దేశంలో విడిగా చట్టం లేదు కాబట్టి, ఉద్యోగులతో, బయట బోర్డులు అసెంబుల్ చేసేవాళ్లతో రాసుకునే ఒప్పందాలే దిక్కు. అవి గట్టిగా రాయించండి.

కొత్తది ఏదైనా గేటు దాటకముందే ప్రొవిజనల్, అంటే ముందుగా తేదీ దక్కించుకునే తాత్కాలిక అప్లికేషన్, వేసేయండి. ఆన్‌లైన్‌లో ఫీజు మామూలు కంపెనీకి 8,000, చిన్న సంస్థ కింద ఫారం 28 పెడితే 1,600. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న, మధ్యస్థాయి సంస్థల ప్రభుత్వ నమోదు) ఉందేమో అకౌంట్స్‌వాళ్లను అడగండి, మధ్యస్థాయి సంస్థలకూ వర్తిస్తుంది. అసలు ఖర్చు డ్రాఫ్టింగ్‌కే, అంటే అప్లికేషన్ రాయించడానికే. 12 నెలల్లో పూర్తి స్పెసిఫికేషన్ (ఆవిష్కరణ పూర్తి వివరణ) ఇవ్వాలి. ప్రొవిజనల్ కదా అని రెండు పేజీలు గిలికి పడేయకండి. అందులో లేనిదానికి ఆ తేదీ దక్కదు.

ఇన్వెంటర్ల సంతకాలు ఆరోజే తీసుకోండి. ఉద్యోగం ఇచ్చినంత మాత్రాన ఆవిష్కరణ హక్కు కంపెనీకి దానంతటదే రాదు. బదలాయింపు షరతు అపాయింట్‌మెంట్ లెటర్‌లోనే ఉండాలి. ఉద్యోగం మానేసి బెంగళూరు వెళ్లిపోయిన కుర్రాడి సంతకం కోసం నేను రాత్రి బస్సెక్కి వెళ్లాను. వాడు కాఫీ ఇప్పించి మరీ పెట్టాడనుకోండి, అందరూ అలా ఉండరు.

అమెరికాలో ఆఫీసు ఉండి, కనిపెట్టినవాళ్లు ఇక్కడుంటే ఇంకో జాగ్రత్త. ముందు ఇక్కడ వేసి ఆరు వారాలు ఆగాలి, లేదా ఫారం 25తో మన పేటెంట్ ఆఫీసు అనుమతి తీసుకోవాలి. నేరుగా అక్కడ వేస్తే సెక్షన్ 39 ఉల్లంఘన. ఇక ఏయే దేశాల్లో వేయాలంటే, పోటీవాడి ఫ్యాక్టరీ ఎక్కడుందో, మీ సరుకు ఎక్కడ అమ్ముడవుతుందో అక్కడ. పీసీటీ (ఒకే అప్లికేషన్‌తో చాలా దేశాలకు దారి తెరిచే అంతర్జాతీయ ఒప్పందం) దారిలో వెళ్తే నిర్ణయానికి 30 నెలల దాకా వ్యవధి ఉంటుంది, తొందరపడక్కర్లేదు.

ఎన్ని అంటారా? మాకు ఏడాదికి మూడు, మహా అయితే నాలుగు తేలేవి. మీ ఎండీ గారికి రెన్యువల్ పట్టిక, అంటే పేటెంట్ నిలబెట్టుకోవడానికి ఏటా కట్టే ఫీజుల పట్టిక, చూపించండి. గ్రాంట్ రాగానే వెనకటి ఏళ్ల ఫీజులన్నీ ఒక్కసారే కట్టాలి, ఏడో ఏడు నుంచి ఏడాది ఫీజు మూడింతలు. ఏడాదికి 20 పేటెంట్ల చొప్పున, ఒక్కోదానికి 20 ఏళ్ల ఫీజు లెక్కేస్తే ఆయనే తగ్గిస్తారు. మేం ఆ బోరు పేటెంట్‌కు ఏడో ఏడు కట్టకుండా వదిలేశాం. సైకిల్ ట్యూబు కోసిన టెక్నీషియన్ పేరు ఇప్పుడు వేరే రెండు అప్లికేషన్లలో ఇన్వెంటర్‌గా ఉంది. రెండూ మూత తీస్తే కనబడేవే.