శుక్రవారం ఒక్కరోజే హైదరాబాద్‌లో: అమ్మగారితో ఎక్కడెక్కడికి?

పొద్దున దిగి, రాత్రి సికింద్రాబాద్‌లో రైలెక్కేలోపు మోకాళ్ల నొప్పులున్న అమ్మగారికి గోల్కొండ, సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్, గాజులు అన్నీ ఎలా అని అడిగారు కదండీ. సాలార్‌జంగ్ లిస్టులోంచి కొట్టేయండి, దానికి శుక్రవారం సెలవు. గోల్కొండ మెట్లు కూడా ఆవిడకి వద్దు.

ఎంజీబీఎస్‌లో (మహాత్మాగాంధీ బస్‌స్టేషన్) మెట్రో దిగి ఆటోలో చార్మినార్, పక్కనే నిమ్రా కేఫ్‌లో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. మధ్యాహ్నం మదీనా సెంటర్ వైపు షాదాబ్ హోటల్లో బిర్యానీ తిని, మక్కా మసీదు దగ్గర జుమ్మా నమాజు రద్దీ తగ్గాక గాజుల కోసం లాడ్ బజార్‌కి రండి. లక్కని వేడిచేసి, గుండ్రంగా చుట్టి, రాళ్లు ఒక్కొక్కటే అద్దుతుంటారు, ఆవిడకి తప్పకుండా చూపించండి. బేరంలో మొహమాటం వద్దు, చెప్పిన ధరలో సగం నుంచి మొదలుపెట్టండి. తిరుగు ప్రయాణం మాత్రం మెట్రోలోనే, సాయంత్రం ఆ ట్రాఫిక్‌ని నమ్మితే రైలు పోతుంది: మళ్లీ ఎంజీబీఎస్‌లో ఎక్కి, పరేడ్ గ్రౌండ్‌లో మారి సికింద్రాబాద్ ఈస్ట్‌లో దిగండి.