ఉచితమా, స్వేచ్ఛా?

సందేహం: మాస్టారూ, మాది పర్లాకిమిడి. ఓపెన్ సోర్స్ ప్రోగ్రాముల (అంటే కోడ్‌ను ఎవరైనా చూసి మార్చుకోగలిగినవాటి) మెనూలు తెలుగులోకి మార్చే పని చేస్తుంటాను. 2024లో ఆ రంగంలో జరిగినవాటి మీద ‘సింహావలోకనం’ అని ఒక వ్యాసం రాసి, ‘ఉచిత సాఫ్ట్‌వేర్‌కు ఇది గడ్డు సంవత్సరం’ అని మొదలుపెట్టాను. చదివి వినిపిస్తే ఒడియా మిత్రుడు ఒకటే నవ్వు. ఉచిత అంటే తగినది కదా, మిగతా సాఫ్ట్‌వేరంతా అనుచితమా అంటాడు. నాది తప్పేనా?

సమాధానం: మీ మిత్రుడికి నా తరఫున కూడా ఓ నవ్వు చెప్పండి. సింహావలోకనానికి అభ్యంతరం లేదు, నడుస్తూ వెనక్కి తిరిగి చూసే సింహం మీద పుట్టిన మాట, నిక్షేపంగా వాడుకోండి. పేచీ అంతా ఉచితంతోనే.

సంస్కృత ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠంలో ‘ఉచ సమవాయే’ అని ఉంది. సమవాయం అంటే కూడి ఉండటం. కూడి ఉన్నది అలవాటవుతుంది, అలవాటైనది ఇంపుగా ఉంటుంది, ఇంపైనది తగినదిగా తోస్తుంది, ఉచితం అలా ఎదిగిన మాట. ఔచిత్యం, సముచితం, యథోచితం అన్నీ దాని సంతానమే. కాశ్మీరంలో క్షేమేంద్రుడు 11వ శతాబ్దంలో ఔచిత్యమే కావ్యానికి ప్రాణమని ఏకంగా ఒక గ్రంథమే రాశాడు. ఒడియా, బెంగాలీ, హిందీ, మరాఠీ ఈ అర్థాన్నే అట్టేపెట్టుకున్నాయి, కాబట్టి మీకు వచ్చిన తంటా మహారాష్ట్రలోని సిరొంచలోనో దెగ్లూరులోనో ఉండే తెలుగువాడికీ వస్తుంది. వెల లేకుండా అనే అర్థం మనదీ కన్నడం వాళ్లదీ. అదెలా వచ్చిందంటే, మర్యాదకు తగినట్టు చేతిలో పెట్టే కానుకకు వెల అడగం కదా, ఆ దారిన వచ్చి ఉంటుందని నా ఊహ. వచ్చి మాత్రం గట్టిగానే పాతుకుంది. తెలుగు బైబిల్లో ‘ఉచితముగా పొందితిరి ఉచితముగా ఇయ్యుడి’ అన్న వాక్యం తెలియనివారు తక్కువ. అచ్చ తెలుగులో ఊరకే, ఉత్తినే ఉన్నాయి గాని సాఫ్ట్‌వేర్ ముందు అవి అతకవు. ఒడియా వాళ్లు దీనికి మాగణా అంటారు, మా బరంపురం బజారులో రోజూ చెవిన పడేదే.

కాబట్టి ఆ అర్థంలో ఉచితం తప్పని నేననను. మీ ఊళ్లోనే పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తిగారు జనం నోట నిలిచిన మాటను కాదనవద్దని జీవితమంతా పోరాడారు, ఆ ఊరివాడికి నేను నిఘంటువు చూపించి నోరు మూయించడం బాగుండదు. ఒళ్లు మండేది వేరేవాటికి. దుకాణాల ముందు ‘ఫ్రీగా ఉచితం’ అని బోర్డులు పెడుతున్నారు. పత్రికలవాళ్లు ప్రభుత్వ పథకాలకు ‘ఉచితాలు’ అని బహువచనం తగిలించి, మంచి విశేషణాన్ని తిట్టుగా మార్చేశారు.

అయితే మీ సందర్భం వేరు. ఇంగ్లిషులో ఫ్రీ అనే ఒక్క మాటే వెల లేకపోవడానికీ స్వేచ్ఛకూ చాలాలి, పాపం. 1983లో ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకోగల ప్రోగ్రాముల కోసం గ్నూ పథకం ప్రకటించిన రిచర్డ్ స్టాల్‌మన్ తాను చెప్పేది ధర సంగతి కాదు, స్వేచ్ఛ సంగతి అని ఏళ్ల తరబడి వివరించుకోవలసి వచ్చింది. 1998లో ఓపెన్ సోర్స్ అనే పేరు పుట్టడానికి ఈ గందరగోళం కూడా ఒక కారణమే. మనకు రెండు అర్థాలకూ రెండు మాటలు ముందునుంచే ఉంటే, వాళ్ల ఇబ్బందిని అరువు తెచ్చుకోవడం దేనికి?

మీ 2024నే చూడండి. మార్చిలో రెడిస్ అనే డేటాబేస్ ప్రోగ్రాం లైసెన్సు మార్చారు. డబ్బు కట్టకుండా దించుకోవచ్చు, కోడ్ చూడొచ్చు, అంటే ఉచితం ఉచితంగానే ఉంది. దాన్ని సేవగా అమ్ముకునే క్లౌడ్ కంపెనీలకు మాత్రం దాదాపు ఏ ఆంక్షలూ పెట్టని పాత బీఎస్‌డీ లైసెన్సు ఇచ్చిన స్వేచ్ఛ పోయింది, ఆ స్వేచ్ఛ కోసమే నెల తిరక్కుండా పాత కోడ్ నుంచి వాల్కీ అనే వేరే ప్రోగ్రాం చీలింది. ఇక్కడ ‘ఉచిత’ అని రాస్తే అసలు పోయిందేమిటో పాఠకుడికి తెలియనే తెలియదు.

ఆ నెలలోనే ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే పనిముట్టు గొడవ. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తవ్వితే దొంగదారి బయటపడింది. అలసిపోయిన నిర్వాహకుడికి జియా టాన్ అనే పేరుతో ఎవరో రెండేళ్లకు పైగా సాయం చేస్తున్నట్టు నటించి చొరబడ్డారు. ప్రపంచమంతా వాడే పనిముట్టును ఒక్క మనిషి జీతం లేకుండా చూసుకోవడం ఉచితమే, కాని ఉచితమేనా? మీ మిత్రుడి అర్థం నాకు పనికొచ్చింది ఇక్కడే.

తెలుగు వికీపీడియా కూడా తనను స్వేచ్ఛా విజ్ఞాన సర్వస్వం అనే చెప్పుకుంటుంది, ఉచిత అనదు. మీరూ ‘స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్’ అనండి. ఓపెన్ సోర్స్‌ను అలాగే ఉంచండి. కొందరు ‘బహిరంగ మూలం’ అంటున్నారు, వింటే ఏదో సభకు పిలిచినట్టుంటుంది. వెల లేదని చెప్పాల్సిన చోట ఉచితం అనే రాయండి, నేను కొట్టేయను. ఇక డౌన్‌లోడ్ బటన్ మీద ఏం రాయాలంటారా, అక్కడ రెండూ నిజమే కనుక మీ ఇష్టం. ఒడియా మెనూలో మాత్రం ఉచిత జోలికి పోకండి.